పది రోజుల పంతం

2003 నవంబరు 5. లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి గుండెకాయ లాంటి కెర్నల్ సోర్స్ కోడ్‌లో ఒక ఫైలు లెక్క కుదరలేదు.

ఆ ఫైలున్నది అసలు ప్రతిలో కాదు, దాని నకలులో. అసలునీ నకలునీ ఎప్పటికప్పుడు సరిచూసే పని ఒక ప్రోగ్రాంది. ఆ రోజు నకలులో రెండు లైన్లు ఎక్కువ తేలాయి. రాసినవారి పేరు ఉండాల్సిన చోట తెలిసిన డెవలపర్ పేరే ఉంది. కానీ ఆయన రాసినట్టు అసలు ప్రతిలో ఎక్కడా ఆనవాలు లేదు.

పైపైన చూస్తే అవి మామూలు తనిఖీ లైన్లు. ఏదైనా ప్రోగ్రాం పొంతన లేని రెండు ఆప్షన్లు కలిపి అడిగిందా, అడిగినవాడి యూజర్ నంబరు సున్నానా, అయితే తప్పని చెప్పి వెనక్కి పంపు. అంతే. లినక్స్‌లో సున్నా నంబరు రూట్‌ది, అంటే ఆ యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్న యూజర్‌ది. సి భాషలో ‘సమానమేనా?’ అని అడగాలంటే సమానం గుర్తు రెండుసార్లు కొట్టాలి. ఇక్కడ ఒక్కటే ఉంది. ఒక్కటే కొడితే సి దాన్ని ప్రశ్నగా తీసుకోదు. నంబరు సున్నానా అని చూడటం మానేసి, ఆ నంబరును సున్నా చేసి కూర్చుంటుంది. ఆ రెండు ఆప్షన్లనీ కావాలని కలిపి పిలిచిన ఏ అనామకుడైనా మరుక్షణం రూట్ అయిపోతాడు. ఎర్రర్ కూడా రాదు.

ఇంకో సంగతి. ఇలాంటి చోట ఒంటి సమానం గుర్తు కనబడితే ‘పొరపాటేమో చూసుకో’ అని కంపైలర్ హెచ్చరిస్తుంది. దాని చుట్టూ అదనంగా ఓ జత బ్రాకెట్లు పెడితే మాత్రం నోరెత్తదు. ఆ బ్రాకెట్లు ఉన్నాయి. రాసినవాడు వేలు జారి రాయలేదు.

నకలు కాబట్టి సరిపోయింది. కోడు అసలు నుంచి నకలుకే వెళ్తుంది, వెనక్కి రాదు. లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ చేతిలో ఉన్న కెర్నల్‌కి ఏమీ కాలేదు. ఆ సర్వర్లోకి ఎవరు చొరబడ్డారన్నది ఇవాళ్టికీ బయటపడలేదు. పట్టుకున్నది మాత్రం కాలిఫోర్నియాలోని బిట్‌మూవర్ అనే చిన్న కంపెనీ. దాని యజమాని లారీ మెక్‌వాయ్ స్వయంగా కెర్నల్ డెవలపర్లకు ఆ సంగతి రాశాడు. ఏడాదిన్నర తిరక్కుండానే ఆ మెక్‌వాయే లినక్స్‌కి తన తలుపు మూసేశాడు. ఈ గాథ ఆ తలుపుది.

---

కోడు రాసేవాళ్లకు కోడు ఎంత ముఖ్యమో, దాని చరిత్ర అంత ముఖ్యం. ఏ లైను ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు, ఎందుకు మార్చారు, మార్చకముందు ఏముంది. ఈ లెక్క రాసిపెట్టే సాధనాలనే వెర్షన్ కంట్రోల్ అంటారు. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో మార్క్ రోచ్‌కైండ్ రాసిన ఎస్‌సీసీఎస్‌తో ఈ సంత మొదలైంది. తర్వాత ఆర్‌సీఎస్ వచ్చింది, సీవీఎస్ వచ్చింది, 2000లో సబ్‌వెర్షన్ మొదలైంది. సీవీఎస్‌లోనూ సబ్‌వెర్షన్‌లోనూ చరిత్రంతా ఒకే సర్వర్లో ఉంటుంది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసేదాకా మన ఊళ్లలో భూముల దస్త్రాలు కరణం గారింట్లో ఉండేవి కదా, అచ్చం అలాగ. మీ పొలం మీదే, మీ పేరు మీదే. కానీ నిన్న దస్త్రంలో ఏముందో, ఇవాళ ఏముందో ఆయన చెప్పిందే వేదం.

లినస్‌కి ఈ కరణీకం గిట్టదు. 1991లో హెల్సింకీలో చదువుకుంటూ లినక్స్ మొదలుపెట్టినప్పటి నుంచి 2002 దాకా, పదేళ్లపాటు, అతను ఏ వెర్షన్ కంట్రోలూ వాడలేదు. ప్రపంచం నలుమూలల నుంచి మార్పులు ఈమెయిల్లో ప్యాచ్‌లుగా వచ్చేవి. చదివి, నచ్చితే చేత్తో కలిపేవాడు. నచ్చకపోతే జవాబు కూడా ఉండేది కాదు. సీవీఎస్ కంటే ఈ పద్ధతే మేలని అతని వాదన. పోగా పోగా మెయిళ్లు కుప్పలు పడ్డాయి. పంపిన ప్యాచ్‌లు గల్లంతవుతున్నాయని 1998లో పెద్ద రభసే జరిగింది. ఒక్క లినస్ ఇంతమందికి చాలడన్న మాట అప్పుడే బయల్దేరింది. అతను కోపం వచ్చి కొన్నాళ్లు సెలవు పెట్టేశాడు.

ఆ రభసలోంచే మెక్‌వాయ్ ముందుకొచ్చాడు. సన్ మైక్రోసిస్టమ్స్‌లో ఇలాంటి సాధనం మీదే పనిచేసిన మనిషి. లినస్ కోసమే అన్నట్టు బిట్‌కీపర్ తయారుచేశాడు. ఇందులో కరణం లేడు. వాడే ప్రతివాళ్ల దగ్గరా చరిత్ర మొత్తం ఉంటుంది, ఎవరి మార్పులు వాళ్లు రాసుకుంటారు, తర్వాత ఒకరివి ఒకరు కలుపుకుంటారు. 2002 ఫిబ్రవరిలో లినస్ ఒప్పుకున్నాడు. పని వేగం పెరిగింది. తన పని తీరునే అది మార్చేసిందని లినస్ తర్వాత చాలాసార్లు చెప్పాడు.

తిరకాసు ఏమిటంటే, బిట్‌కీపర్ సోర్స్ కోడ్ ఎవరికీ చూపించరు. లినక్స్ వాళ్లకు డబ్బు తీసుకోకుండా ఇచ్చారు, షరతులతో. ఉచిత ప్రతి వాడేవాళ్లు పోటీ సాధనం ఏదీ తయారుచేయకూడదు. వాడటం మానేశాక ఏడాది దాకా కూడా చేయకూడదు. ఒప్పుకోని డెవలపర్ల కోసం 2003లో సీవీఎస్ నకలు ఒకటి పెట్టారు. పైన చెప్పిన రెండు లైన్లూ దూరింది అందులోనే. ఆ నకలులో చరిత్ర సాంతం ఉండదు, వరస కట్టి కుదించిన రూపం ఉంటుంది. లినక్స్ రాసింది లోకమంతా, ఎలా రాశారన్న చరిత్ర మాత్రం ఒక కంపెనీ ఫార్మాట్‌లో. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి ఆద్యుడు రిచర్డ్ స్టాల్‌మన్ మొదటి రోజు నుంచే ఇది తప్పన్నాడు. లినస్ పట్టించుకోలేదు. పని జరుగుతోంది కదా అన్నది అతని లెక్క.

---

ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెరాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే ప్రోగ్రామర్ ఉన్నాడు. విండోస్ యంత్రాలతో మాట్లాడే సాంబా, ఫైళ్లు సరిపోల్చి పంపే ఆర్‌సింక్ అతను రాసినవే. మూసి ఉన్న పెట్టెలు రెండు ఏం మాట్లాడుకుంటున్నాయో తీగ మీద విని, ఆ భాష నేర్చుకోవడం అతని విద్య. సాంబా పుట్టిందే అలా.

ట్రిడ్జెల్ బిట్‌కీపర్ ఎన్నడూ వాడలేదు. వాడలేదు కాబట్టి షరతులకు ఒప్పుకున్నదీ లేదు. అతనికి కావలసింది కెర్నల్ చరిత్ర, సాంతంగా, ఎవరి షరతూ లేకుండా. 2005 ఆరంభానికి ఆ పనిలో దిగాడు.

ఏం చేశాడు? టెల్‌నెట్ తెరిచాడు. నెట్‌లో ఏ సర్వర్‌తోనైనా నేరుగా టైప్ చేసి మాట్లాడటానికి అందరి దగ్గరా ఉండే పాత ప్రోగ్రాం అది. అందరికీ తెరిచి ఉన్న ఒక బిట్‌కీపర్ సర్వర్‌కి, 5000 నంబరు పోర్టుకి కనెక్ట్ అయ్యాడు. ‘హెల్ప్’ అని కొట్టాడు. సర్వర్ వినయంగా తనకు తెలిసిన ఆదేశాల జాబితా అంతా ఏకరువు పెట్టింది. అందులో ‘క్లోన్’ ఒకటి. క్లోన్ కొట్టాడు. చరిత్ర మొత్తం ధారగా వచ్చిపడింది.

ఏప్రిల్లో క్యాన్‌బెరాలో జరిగిన లినక్స్ సదస్సులో ట్రిడ్జెల్ ఈ ‘దొంగతనాన్ని’ వేదిక మీదే చేసి చూపించాడు. సర్వర్‌కి కనెక్ట్ అయి, ఇప్పుడేం కొట్టమంటారని సభను అడిగాడు. హాలు హాలంతా ‘హెల్ప్’ అని అరిచింది. రివర్స్ ఇంజినీరింగ్ అని లోకం గగ్గోలు పెట్టిన విద్య ఇంతే.

కానీ సదస్సు నాటికే జరగాల్సింది జరిగిపోయింది. ట్రిడ్జెల్ చేస్తున్న పని మెక్‌వాయ్ చెవిన పడింది. ట్రిడ్జెల్‌కీ లినస్‌కీ జీతమిచ్చే సంస్థ ఒకటే, ఓఎస్‌డీఎల్. మెక్‌వాయ్ దృష్టిలో ఇది ఉచితంగా అన్నం పెట్టిన ఇంటికి కన్నం వేయడం. లినస్ మధ్యలో నిలబడి ఒకటి రెండు నెలలు రాజీకి ప్రయత్నించాడు. ఒకరు ఆపరు, ఇంకొకరు ఒప్పుకోరు. ఏప్రిల్ మొదటి వారంలో బిట్‌మూవర్ ఉచిత ప్రతికి మంగళం పాడేసింది.

లినస్‌కి కోపం వచ్చింది, మెక్‌వాయ్ మీద కాదు, ట్రిడ్జెల్ మీద. మంచి పనిముట్టును పాడుచేశాడు, దాని బదులు తాను ఇచ్చిందేమీ లేదు అని బాహాటంగానే తిట్టిపోశాడు. నాకైతే అది అన్యాయమనిపిస్తుంది. తాళం ఇంకొకరి దగ్గర పెట్టి ఇల్లు కట్టుకున్నది లినస్. తాళం ఎవరి దగ్గరుందో అందరికీ కనబడేలా చేసినవాడు ట్రిడ్జెల్.

---

ఏప్రిల్ 3, ఆదివారం. ఒరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ ప్రాంతం. లినస్ కెర్నల్ పని పక్కన పెట్టాడు.

అప్పటికి దొరికే ఉచిత సాధనాలన్నీ చూశాడు. మోనోటోన్ అనే దాని ఊహ నచ్చింది గానీ నత్తనడక. వేగం గురించి అతని లెక్క సూటిగా ఉంది. కొన్ని సాధనాలకు ఒక మార్పును కలిపి, దాని వివరాలు రాసుకోవడానికి 30 సెకన్లు పడుతుంది. ఒక సహచరుడితో పని కలుపుకుంటే ఒక్కసారే 250 మార్పులు వచ్చిపడవచ్చు. అంటే రెండు గంటలకు పైగా కూర్చోవాలి. మూడు సెకన్లు మించకూడదని గిరి గీసుకున్నాడు. రెండో నియమం: సీవీఎస్ ఎలా చేస్తుందో చూడు, దానికి తిరగేసి చెయ్యి. మూడోది: లోపల పెట్టిన సరుకు చెడిపోయినా, ఎవరైనా చెడగొట్టినా తెలిసిపోవాలి.

ఈ మూడో నియమం దగ్గర కాస్త ఆగాలి. రెండు లైన్ల దొంగ గుర్తున్నాడు కదా, అలాంటివాడికి అసలు జవాబు ఇందులోనే ఉంది.

లినస్ రాసిన పద్ధతిలో ప్రతి ఫైలుకీ ఒక వేలిముద్ర తీస్తారు. ఎస్‌హెచ్‌ఏ-1 అనే గణితం ఫైలులోని ప్రతి అక్షరాన్నీ నమిలి, అంకెలూ అక్షరాలూ కలిసిన 40 గుర్తుల వరస ఒకటి ఇస్తుంది. లోపల ఒక్క సమానం గుర్తు తీసేసినా ఆ 40 గుర్తుపట్టలేనంతగా మారిపోతాయి. ఫైలుకి పేరు అదే, చిరునామా అదే. ఇక ఒక ఫోల్డరంటే ఫైళ్ల పేర్లు, వాటి వేలిముద్రల పట్టిక. ఆ పట్టికకూ వేలిముద్ర తీస్తారు. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో రాసే చీటీని కమిట్ అంటారు. ఆ చీటీలో పట్టిక వేలిముద్రతోపాటు అంతకుముందు చీటీ వేలిముద్ర కూడా ఉంటుంది. మళ్లీ ఆ చీటీకీ వేలిముద్ర.

ఇప్పుడు ఎవడో సర్వర్లోకి దూరి మూడేళ్ల కిందటి ఫైలులో ఒక గుర్తు చెరిపాడనుకోండి. ఫైలు ముద్ర మారుతుంది, పట్టిక ముద్ర మారుతుంది, ఆ కమిట్ ముద్ర మారుతుంది, దాని తర్వాత ఇవాళ్టి దాకా ఉన్న ప్రతి కమిట్ ముద్రా మారుతుంది. క్లోన్ చేసుకున్న ప్రతివాళ్ల దగ్గరా పాత ముద్రలున్నాయి. మొదటివాడు సరిచూసుకోగానే గుట్టు రట్టు. సర్వర్‌ని నమ్మాలా, సర్వర్ నడిపేవాణ్ణి నమ్మాలా అన్న ప్రశ్నే లేదు. ఆఖరి కమిట్ తాలూకు 40 గుర్తులు మీకు సరిగ్గా తెలిస్తే, వెనక ఉన్న చరిత్రంతా సరిగ్గా ఉన్నట్టే.

(ఎస్‌హెచ్‌ఏ-1 తర్వాత్తర్వాత ముసలిదైపోయింది. ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు ఫైళ్లను 2017లో గూగుల్, ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కలిసి తయారుచేసి చూపించారు. అలాంటి మాయను పసిగట్టే తనిఖీని ఆ వెంటనే లినస్ పద్ధతిలో చేర్చారు, తర్వాత ఇంకా బలమైన ఎస్‌హెచ్‌ఏ-256కీ వీలు కల్పించారు.)

ఏప్రిల్ 6న లినస్ కెర్నల్ డెవలపర్లకు మెయిల్ రాశాడు. బిట్‌కీపర్‌కి ఇక సెలవు, వేరే దారి చూస్తున్నానని. మర్నాడు, ఏప్రిల్ 7న, తన కొత్త ప్రోగ్రాం సోర్స్ కోడ్‌ని ఆ ప్రోగ్రాంలోనే దాచాడు. మొదటి కమిట్ అదే. 11 ఫైళ్లు, వెయ్యి చిల్లర లైన్ల సి కోడు. నరకం నుంచి వచ్చిన సమాచార మేనేజరని దానికి తనే వర్ణన రాసుకున్నాడు. పేరు గిట్.

ఇవాళ్టి కుర్రాళ్లు ఆ గిట్‌ను చూస్తే గుర్తుపట్టరు. గిట్ అని టైప్ చేస్తే పలికే ఆదేశమే లేదు. ఇనిట్-డీబీ, అప్‌డేట్-క్యాష్, రైట్-ట్రీ, కమిట్-ట్రీ అని విడివిడి ముక్కలు. ఒక మార్పు నమోదు చేయాలంటే ముందు ఫైలు పేరు అప్‌డేట్-క్యాష్‌కి ఇవ్వాలి. తర్వాత రైట్-ట్రీ కొడితే 40 గుర్తుల ముద్ర తెర మీద పడుతుంది. ఆ ముద్రనూ, పాత కమిట్ ముద్రనూ కమిట్-ట్రీకి అందిస్తే ఇంకో ముద్ర వస్తుంది. దాన్ని మళ్లీ మీరే భద్రంగా పెట్టుకోవాలి. పోగొట్టుకుంటే మీ ఖర్మ. సరుకంతా డాట్ డిర్‌క్యాష్ అనే ఫోల్డర్లో ఉండేది. డాట్ గిట్ అన్న పేరు తర్వాత వచ్చింది. వాడేవాడి సుఖం సంగతి లినస్‌కి అప్పుడు పట్టలేదు, పునాది గట్టిగా ఉంటే చాలనుకున్నాడు. ఇరవై ఏళ్లయినా గిట్ నేర్చుకునేవాళ్లు మొదటి నెల తల పట్టుకునేది ఆ నిర్లక్ష్యం పుణ్యమే.

ఏప్రిల్ 16. కెర్నల్ మొత్తాన్ని, 17 వేలకు పైగా ఫైళ్లను, గిట్‌లోకి ఎక్కించాడు. మొదలుపెట్టి రెండు వారాలు కాలేదు. దాదాపు పది రోజుల్లో కెర్నల్‌కి వాడుకునే స్థాయికి తెచ్చానని తర్వాత చెప్పుకున్నాడు. ఆ కమిట్‌కి అతను రాసిన వివరణ చదివితే నవ్వు వస్తుంది. పాత చరిత్ర మన దగ్గర ఉన్నా ఇందులోకి తేవడం లేదు, తెస్తే 3.2 జీబీ అవుతుంది, ఈ తొలి రోజుల్లో అనవసరపు తలనొప్పి, కావాలంటే తర్వాత విడిగా చేసుకుందాం అన్నది దాని సారాంశం. చరిత్ర కోసం ఇంత గొడవ పడి, చరిత్ర భద్రపరచడానికే పుట్టిన సాధనంలో మొదటి రోజు చరిత్రను గుమ్మం బయట పెట్టాడు.

ఆ తర్వాతదంతా పరుగే. ఏప్రిల్ 18న వేర్వేరు శాఖలను కలిపే మొదటి మెర్జ్. ఏప్రిల్ 29న వేగం కొలిస్తే సెకనుకి 6.7 ప్యాచ్‌లు నమోదు చేసింది. ఒక్కోదానికి మూడు సెకన్లు అని గీసుకున్న గిరి ఎక్కడో వెనకబడిపోయింది. జూన్‌లో కెర్నల్ 2.6.12 విడుదల గిట్ మీదే జరిగింది. బిట్‌కీపర్ పోయిన ఆ ఏప్రిల్ నెలలోనే మెర్క్యురియల్ అనే మరో సాధనం కూడా పుట్టింది, దాదాపు ఇవే కారణాలతో. కొన్నేళ్లు రెండూ నువ్వా నేనా అన్నట్టు నడిచాయి.

జూలై 26న లినస్ ఇంకో పని చేశాడు. నా దృష్టిలో ఆ పది రోజుల కంటే తెలివైన పని. గిట్ పగ్గాలు జూనియో హమానోకి అప్పగించి తన కెర్నల్ దగ్గరికి వెళ్లిపోయాడు. హమానో తొలి వారాల నుంచీ ప్యాచ్‌లు పంపుతున్న జపాన్ ప్రోగ్రామర్. లినస్ గిట్‌ని నడిపింది నాలుగు నెలలు కూడా లేదు. మనుషులు వాడగలిగే గిట్‌ని తయారుచేసింది హమానో, అతని వెంట నడిచిన వందలమంది. 1.0 వెర్షన్ ఆ డిసెంబరు 21న వచ్చింది. పేరు మాత్రం లినస్‌కే వస్తుంది, లోకరీతి.

---

2008లో గిట్‌హబ్ వచ్చింది. మన అమీర్‌పేట కోర్సుల బోర్డుల మీదకీ, హైటెక్ సిటీ ఇంటర్వ్యూల్లోకీ గిట్ దిగబడింది ఎక్కువగా ఆ దారినే. 2017లో మైక్రోసాఫ్ట్ తన విండోస్ సోర్స్ కోడ్‌ను, 35 లక్షల ఫైళ్లు, 300 జీబీ, గిట్‌లోకి మార్చింది. లినక్స్ కోసం లినస్ రాసుకున్న పనిముట్టులో విండోస్! మరుసటి ఏడాది జూన్‌లో గిట్‌హబ్‌నే 750 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు మన హైదరాబాదీ సత్య నాదెళ్ల ప్రకటించారు.

కరణం మళ్లీ వచ్చాడా అని అడిగేవాళ్లున్నారు. సగం నిజమే. ఇవాళ చాలామంది గిట్‌హబ్ పనిచేయకపోతే తమ పనీ ఆగినట్టే కూర్చుంటారు. చర్చలు, తప్పుల చిట్టాలు, అనుమతులు గిట్‌లో ఉండవు, ఆ కంపెనీ సర్వర్లలోనే ఉంటాయి. కానీ కోడు చరిత్ర సంగతి వేరు. క్లోన్ చేసిన ప్రతి ల్యాప్‌టాప్‌లోనూ అది సాంతం ఉంటుంది, ముద్రలతో సహా. ఎవరు తలుపు మూసినా ఇంకో చోట దుకాణం తెరుచుకోవచ్చు. 2005లో లినస్‌కి ఆ వెసులుబాటు లేదు.

మెక్‌వాయ్ బిట్‌కీపర్ సోర్స్ కోడ్‌ను 2016 మేలో అపాచీ లైసెన్స్ కింద అందరికీ ఇచ్చేశాడు. పదకొండేళ్ల ఆలస్యం. మంచి సాధనమే, చదివి చూడొచ్చు. వాడేవాళ్లు పెద్దగా లేరు.

ఇక ట్రిడ్జెల్. గిట్ పుట్టుక కథల్లో అతనిది సాధారణంగా అల్లరి పిల్లాడి వేషం. అతను ఆ రోజు హెల్ప్ అని కొట్టకపోతే లినస్ ఇంకెన్నాళ్లు బిట్‌కీపర్‌తో కాలక్షేపం చేసేవాడో ఎవరూ చెప్పలేరు. పోటీ సాధనం రాయకూడదన్న షరతు మధ్య గిట్ పుట్టే వీలైతే లేదు. లినస్‌కి ఇచ్చే గౌరవంలో కొంత వాటా ఇతనికీ రావాలి.

కెర్నల్‌ను క్లోన్ చేసుకున్నవాళ్లు ఒకసారి గిట్ లాగ్‌లో వెనక్కి వెళ్లి చూడండి. లినస్ చరిత్ర 2005 ఏప్రిల్ 16 దగ్గర ఆగిపోతుంది. అంతకుముందు బిట్‌కీపర్‌లో గడిచిన మూడేళ్లనీ థామస్ గ్లైక్స్‌నర్ తర్వాత గిట్‌లోకి మార్చి విడిగా పెట్టాడు. అది చూడాలంటే ఇంకో క్లోన్ చేసుకోవాలి.